ఉత్తుత్తి మనుషులు

"ఈ మామ్మని తీసేయక తప్పదా మేడమ్?"

రికార్డుల మేడమ్ కళ్లజోడు పైనుంచి అతన్ని ఎగాదిగా చూసింది. "ఏ మామ్మ?"

అతను కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఈవిడ. మనవలూ మనవరాళ్లూ కలిపి డజను మంది. పేర్లన్నీ ఒక పేజీలో పట్టకపోతే ఫారం రెండో పేజీలోకి వెళ్తుందా లేదా అని చూడ్డానికి చేశాను."

"అంటే లేని మనిషేగా?"

"లేని మనిషే."

"మరింకేం? రేపు పొద్దున్నుంచి నిజం రోగులు వస్తారు. వాళ్ల మధ్యలో ఈవిడెందుకు? తీసేయండి పీడీఎఫ్ గారూ."

ఆసుపత్రిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి మెడలో పేరు బిళ్ల లేదు. వచ్చిన కొత్తలో ఎవరో సరదాకి అన్నారు, అదే ఖాయమైపోయింది. అతనూ కాదనలేదు. ఏదో ఒకటి పిలుస్తున్నారు, అది చాలనుకున్నాడు.

అతనిది చూడ్డానికి చిన్న పని, చేసేవాడికి తలనొప్పి. రోగి ఇంట్లో కూర్చుని పీడీఎఫ్ ఫారం నింపి కింద బొత్తాం నొక్కితే, ఒక్కో గడిలోని సంగతి సర్వర్లోని డేటాబేసుకి వెళ్లి తన అరలో తను కూర్చోవాలి. అంత బుద్ధిగా కూర్చుంటే ఇంకేం కావాలి? పుట్టినతేదీ పోయి ఫోన్ నంబరు అరలో దూరేది. పొడుగు పేర్లకు తోక తెగిపోయేది. ఇవన్నీ పట్టుకోవాలంటే రకరకాల ఫారాలు నింపి పంపేవాళ్లు కావాలి. మెట్ల కింద గదిలో ఒక్కడే కూర్చునేవాడికి ఎవరు దొరుకుతారు? అందుకని మనుషుల్ని తనే తయారుచేసుకున్నాడు.

చేంతాడంత పేరున్న పెద్దమనిషి ఒకడు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టి, నాలుగేళ్లకోసారి మాత్రమే వయసు పెరిగే బడిపంతులు ఇంకొకడు. ఊరికో చిరునామా ఉన్న ఓడ వంటవాడు మరొకడు. ఇలా ఒక వీధికి సరిపడా జనం తయారయ్యారు.

మొదట్లో పని కోసమే చేశాడు. పోను పోను పంతులుగారికి మోకాళ్ల నొప్పులు తెప్పించాడు, తర్వాత జాలేసి నయం చేసి కొత్త ఫారం పంపాడు. మామ్మ పెద్ద మనవడికి ఉద్యోగం వేయించాడు. మధ్యాహ్నం డబ్బా తెరుచుకుని తింటూ, ఇవాళ మామ్మ ఇంట్లో ఎంత గోలగా ఉందో అనుకునేవాడు. మీరు నవ్వితే నవ్వండి, ఆ గదిలో అతనికి తోడు వాళ్లే. ఇప్పుడు ఆ తోడుని తన చేత్తోనే చెరిపేయాలి.

"పోనీ ఒక్క మామ్మనైనా ఉంచుదాం మేడమ్. మళ్లీ ఏదైనా తేడా వస్తే చూసుకోడానికి పనికొస్తుంది."

"బాగుంది! రేపెవరో ఆవిడకి మందులు రాసి ఇంటికి మనిషిని పంపిస్తారు. నా ఉద్యోగం ఊడుతుంది."

మేడమ్ బల్ల మీది ఫోను దగ్గరికి లాక్కుని స్పీకరు నొక్కింది. "పోయిన వారమే తొందరపడి నిజం రోగులు కూడా కొందరు ఫారాలు పంపేశారు కదా. పొరపాటున వాళ్లు పోకూడదు. నేను ఒక్కో నంబరుకీ ఫోన్ చేస్తాను. ఎవరూ లేకపోతే మీరు తీసేయండి."

ఈ నంబరు వాడుకలో లేదంది ఫోను. పెద్దమనిషి పోయాడు. మళ్లీ అదే మాట. పంతులుగారు పోయారు. ఓడ వంటవాడు అన్ని చిరునామాలతో సహా పోయాడు. మామ్మ దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది.

"కానివ్వండి బాబూ," అంది మేడమ్ కాస్త మెత్తగా.

డజను మంది మనవల్నీ వెంటేసుకుని మామ్మ వెళ్లిపోయింది. అతనికి ఏడుపు వచ్చినంత పనైంది. లేని మనిషి కోసం ఏడుపొచ్చిందని ఎవరితో చెప్పుకుంటాడు?

మేడమ్ జాబితాలో ఇంకాస్త కిందికి వెళ్లి ఫక్కున నవ్వింది.

"ఇదెవరండీ బాబూ! ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఖాళీ. ఆసుపత్రికి తోడు ఎవరొస్తారు, ఖాళీ. ఆపదొస్తే ఎవరికి కబురు చెయ్యాలి, అదీ ఖాళీ! మామ్మకి అంత సంసారం కట్టబెట్టి, ఇతని దగ్గరికొచ్చేసరికి బద్ధకించారా?"

అతనూ నవ్వాడు. "ఖాళీ గళ్లు కూడా సరిగ్గా చేరుతున్నాయో లేదో చూడాలి కదా మేడమ్."

"ఎంత ఉత్తుత్తి మనిషైతే మాత్రం మరీ ఇంత అన్యాయమా? పక్కింటివాళ్ల పేరైనా రాయాల్సింది. ఇలాంటి మనిషున్నాడంటే ఎవరు నమ్ముతారు?"

"నిజమే మేడమ్, తీసేస్తాను." ఈసారి అతని చెయ్యి ఆగలేదు, నేరుగా మీట మీదికి వెళ్లింది.

"ఆగండాగండి. పద్ధతంటే పద్ధతే."

"దీనికి ఫోనెందుకు మేడమ్, ఇది నేను నింపిందే..."

ఆవిడ వినిపించుకోలేదు. అంకెలు పైకి చదువుకుంటూ నంబరు నొక్కింది.

ఎన్నాళ్లుగానో ఎవరూ మోగించక తనే మరిచిపోయిన పాటొకటి అతని చొక్కా జేబులోంచి మొదలైంది.