చప్పుడు చెయ్యకండి

ఉతకడానికి తీసిన యూనిఫాం జేబులోంచి రెండు మాత్రల షీట్లు రాలాయి. చిన్నతల్లి వాటిని తెచ్చి మొగుడి పక్కన మంచం మీద పడేసింది.

"ఇదేటి మావా?"

గూడ్సు డ్రైవరు బంగార్రాజు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ రెప్ప పడటం లేదు. కాలు ఒకటే ఊపుతున్నాడు.

"తెల్లది నడుం నొప్పికి. ఆపరేషనప్పుడు డాక్టరు రాసిందే."

"అది రెండేళ్ళ కిందటి మాట. మరి ఈ పచ్చది?"

"మెలకువకి. వ్యాపార్ విహార్ బజార్లో సరుకు దింపే లారీవోళ్ళు వేసుకుంటారు. తెల్లదానికి మగతొస్తాది. పచ్చదేస్తే ఆ మగత పోతాది. సరికి సరి."

"సరికి సరైతే రెండూ మానెయ్యొచ్చు గదా."

బంగార్రాజు నవ్వలేదు. "ఆ సీటులో పద్నాలుగ్గంటలు కూకుంటే నీకూ తెలుస్తాది."

"డ్యూటీ ఎక్కేముందు లాబీలో ఊదిస్తారు గదా, దొరకవా?"

"ఆ మిషను సారా ఒక్కటే పడతాది."

ఈ మనిషి వెనకాల యాభై ఎనిమిది పెట్టెల బొగ్గు. ఎదురొచ్చే బండి నిండా జనం.

"ఎన్నేసావు?"

"పచ్చది తెల్లారగట్ట ఒకటి. తెల్లవి నాలుగు. ఇదివరకు ఒకటేస్తే తూగేవోణ్ణి. ఇప్పుడు నాలుగేసినా ఏటీ తెలీదు. ఒంటికి అలవాటైపోనాది."

ఆమె పచ్చ మాత్రలన్నీ నొక్కి తీసి లెట్రిన్‌లో పోసి రెండు బకెట్ల నీళ్ళు కొట్టింది. తెల్ల షీటు జోలికి పోలేదు. అది డాక్టరు రాసింది.

"ఈయేళ డ్యూటీకి ఎల్లొద్దు. ఒంట్లో బాగోలేదని లాబీకి నానే ఫోను చేస్తాను. తొంగో."

"నిద్ర రాదే."

"ఆ పాడుమందు దిగితే అదే వస్తాది."

దిగింది. తొమ్మిదింటికి కాలు ఊపడం ఆగింది. పదింటికి గురక మొదలైంది. ఆ గురక విని ఎన్నాళ్ళయిందో. చిన్నతల్లి దండేనికి బట్టలేస్తూ రెండుసార్లు ఆగి వింది.

రన్నింగు డ్యూటీ మనిషి పగలు పడుకున్నాడంటే ఆ వరస క్వార్టర్లన్నీ గొంతు తగ్గిస్తాయి. కుక్కరు రెండో కూత కూయకుండానే పొయ్యి కట్టేస్తారు. నిద్ర చాలని డ్రైవరు సిగ్నలు దాటేస్తాడని అక్కడ పసిపిల్లలకీ తెలుసు. చిన్నతల్లి గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. కూరల బండివాణ్ణి చేత్తోనే ఆపి వెనక్కి పంపింది. బంతి ఆడే పిల్లలకి బిస్కెట్లు ఆశపెట్టి ఆ చివరికి తోలింది.

పదకొండున్నరకి పక్కింటి శాంతాదేవి గోడ మీంచి తల పెట్టింది.

"వదినా, అదేటి గురక? హుక్కాలో నీళ్ళలాగ గుడగుడమంటంది."

"మీ ఆయనకన్నా నయమే. ఆయన తీస్తే షెడ్డులో ఇంజను కదిలిందనుకుంటాం."

శాంతాదేవి నవ్వి, మళ్ళీ చెవి ఒగ్గింది. "మజ్జిమజ్జిన ఆగిపోతంది కూడాను. ఓపాలి నానొచ్చి తట్టి చూడనా?"

"అచ్ఛా, మీ ఇంటాయన తొంగున్నప్పుడు నానొచ్చి తడితే ఊరుకుంటావా?"

శాంతాదేవి తల గోడ అవతలికి దిగిపోయింది.

పన్నెండుకి గురక ఆగింది. చిన్నతల్లి తలుపు సందులోంచి చూసింది. గోడవైపు తిరిగి, కదలకుండా ఉన్నాడు. ఇప్పుడు పట్టింది అసలు నిద్ర అనుకుంది. తలుపు దగ్గరగా వేసి, పిల్లలకి తలా రెండు బిస్కెట్లు పంచింది.

మూడింటికి లాబీ నుంచి ఫోను. రేపైనా వస్తాడా అని.

"తొంగోనీండి బాబూ. రేపటికి తేటగా లేస్తాడు," అంది లోగొంతుకతో.

నాలుగింటికి టీ తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు హరిప్రియ రెండు షీట్లనీ తిప్పి తిప్పి చూసింది. ఆ హిందీ ఊళ్ళో ఆమె తెలుగమ్మాయే.

"ఈ పచ్చది పనిచేసినంతసేపూ తెల్లదాని మత్తు పైకి తెలియదమ్మా. తెలియక ఇంకా ఇంకా వేసుకుంటారు. పచ్చది ముందే దిగిపోతుంది. తెల్లది ఒంట్లోనే ఉంటుంది." తెల్ల షీటులో ఖాళీలు లెక్కపెట్టి అడిగింది. "గురకలాంటిది ఏమైనా వచ్చిందా?"

"వచ్చిందమ్మా. రెండు గంటలు. మా వరసలో ఎవుల్నీ చప్పుడు చెయ్యనివ్వలేదు. లేపుతానన్న మనిషిని కూడా నానే ఓ మాటని పంపేసాను."

డాక్టరు షీట్లు బల్ల మీద పెట్టింది.

"అది గురక కాదమ్మా, ఊపిరి అందని చప్పుడు. ఆ రెండు గంటల్లో లేపి ఇక్కడికి తెచ్చుంటే బతికేవాడు."