మంచం తీసేసిన చోటు

“నాయన పోయి యాడాది కూడా కాలేదు. ఆయన మంచాన్ని పాత సామాన్లోడికి ఇచ్చేస్తావా కోమలీ?”

సూళ్లూరుపేట నుంచి వచ్చిన దయానంద్, చెల్లెలి కొత్త సోఫాలో కూర్చుని మండిపడుతున్నాడు. ఇదివరకు నాయన మంచం ఉన్న చోటే, వంటింటి గుమ్మం పక్కనే వేసి ఉంది ఆ సోఫా.

“ఇల్లు నాకు రాసిచ్చినాడు గదన్నా. నాకు నచ్చినట్టు పెట్టుకున్నా,” అంది కోమలి వంటింట్లోంచి.

“ఇల్లు ఇచ్చినాడు గానీ, ఆయన గుర్తులు లేకుండా చెయ్యమన్నాడా?”

కోమలి కాఫీ వడగట్టింది. కాఫీ గ్లాసుతో గుమ్మం దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగింది. పెరటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇల్లంతా చుట్టుకుని, వీధి వాకిలి నుంచి లోపలికి వచ్చి అన్నకు కాఫీ ఇచ్చింది.

“ఈడే గుమ్మం ఉంటే సుట్టూ తిరిగి వచ్చినావేంది?”

కోమలి అతని కాళ్లకేసి చూసింది. గుమ్మానికి అడ్డంగా, అచ్చం నాయన లాగే చాపుకుని ఉన్నాడు.

“నాయన కాళ్లు దాటకూడదంటిరి గదన్నా. ముడుచుకోమని అడిగే ధైర్యం నాకూ అమ్మకూ యాడుండింది? వానొచ్చినా పెరటి దోవే. మంచం తీసేస్తే ఆ దోవ మరిచిపోతాననుకున్నా.”

దయానంద్ మెల్లగా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“ఇట్లే పోమ్మా,” అన్నాడు.

తాగేసిన గ్లాసు తీసుకుని కోమలి గుమ్మం దాకా వెళ్లింది. దారికి ఏదీ అడ్డం లేదు. అయినా పాదం లేవక అక్కడే నిలబడిపోయింది.