కంచె అవతలి ఈత

పొద్దున్నే ఈత కొలను మీద సన్నటి ఆవిరి లేస్తోంది. ఇనుప కంచె అవతల ఒక పెద్దావిడ గాలిలో ఈత కొడుతోంది.

అవును, గాలిలోనే.

ఉన్నచోటే నిలబడి, కళ్ళు సగం మూసుకుని, భుజాలు మెల్లగా తిప్పుతోంది. కుడిచెయ్యి కాస్త లేస్తుంది, అది దిగేలోపు ఎడమచెయ్యి లేస్తుంది. మధ్యలో మెడ పక్కకి తిప్పి, నోటితో ఊపిరి తీసుకుంటుంది.

గట్టు మీద నుంచి చూసిన సెక్రటరీకి చిరాకేసింది.

ఆయన కాలనీకి సెక్రటరీ అయి ఎన్నాళ్ళో కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, రాగానే ఈత కొలను మీద పడ్డాడు. అంతకుముందు వెనక వీధివాళ్ళు కూడా వచ్చి దిగేవారు. ఆయన వచ్చాక గేటు పడింది. ఇంట్లో ఎందరుంటే అన్ని కార్డులు, ఒక్కో కార్డుకి ఒక్కరే దిగాలి. కార్డు మీద ఇంటి నంబరు తప్ప పేరూ ఫొటో ఏమీ ఉండవు.

బయటివాళ్ళు వస్తే నీళ్ళు పాడవుతాయని, పిల్లలకి భద్రత ఉండదని మీటింగులో గొంతు పోయేలా చెప్పాడు. వినీ వినీ విసుగొచ్చి అందరూ సరేనన్నారు.

అసలు సంగతి ఆయన కూతురు.

పోయిన వేసవిలో ఆ పిల్ల మెట్టు జారి మునిగింది. ఎవరో పైకి లాగారు గానీ, భయం మాత్రం పిల్లలోనే ఉండిపోయింది. స్నానానికి బకెట్ నిండా నీళ్ళు పెట్టినా ఏడ్చేది. జనం తగ్గితే, నీళ్ళు కదలకుండా ఉంటే దిగుతుందేమోనని ఆ తండ్రి ఆశ.

ఆశ ఫలించింది. అయితే పుణ్యం ఆయనది కాదు, చేపపిల్లది.

చేపపిల్ల అంటే చివరి బ్లాకు కార్డుతో వచ్చే కాలేజీ అమ్మాయి. ఆ పేరు సెక్రటరీ కూతురు పెట్టిందే. నీళ్ళలో ఆ అమ్మాయి ఉన్న అలికిడే ఉండేది కాదు. నిద్రలో ఒత్తిగిలినంత నెమ్మదిగా వెల్లకిలా తిరిగేది. అలా చాలాసేపు మబ్బుల్ని చూస్తూ తేలేది. చూసేవాళ్ళకి కూడా కళ్ళు మూతలు పడేవి.

ఒకరోజు ఆ అమ్మాయి పిల్ల వీపు కింద అరచెయ్యి పెట్టింది.

"నీళ్ళతో పోట్లాడకమ్మా. వాటి మీద పడుకో. అవే మోస్తాయి."

పిల్ల పడుకుంది. నీళ్ళు మోశాయి.

గట్టు మీద తండ్రికి కళ్ళు చెమర్చాయి. పెంపకమంటే అదీ, మన కాలనీ పిల్లలంటే అలా ఉండాలి అని ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు.

ఇక మిగిలింది కంచె అవతలి మనిషి. వెనక వీధిలోంచే వచ్చి ఉంటుందని ఆయన నమ్మకం. ఒక పొద్దున వెళ్ళి నిలదీశాడు. ఏం కావాలని అడిగితే ఆవిడ నీళ్ళు నమిలింది.

"లోపల మీకెవరైనా తెలుసా?"

ఆవిడ కొలను వైపు చూసింది. చేపపిల్ల చేతుల్లో సెక్రటరీ కూతురు తేలుతోంది.

"ఎవరూ తెలీదు బాబూ. చూస్తుంటే బాగుంటుందని, అంతే."

చూడటానికి ఇదేమన్నా సినిమానా అన్నాడాయన. చేతులు అలా ఊపుతుంటే పిల్లలు జడుసుకుంటారన్నాడు. ఆవిడ అప్పుడే నిద్రలేచినట్టు తన చేతుల వంక చూసుకుని, మెల్లగా కిందికి దించేసింది.

మర్నాడు కంచె పొడవునా ఆకుపచ్చ గుడ్డ కట్టించాడు.

కొన్నాళ్ళు పొద్దుటెండలో ఆ గుడ్డ మీద ఒక నీడ కనబడేది. అది కదిలేది కాదు. తర్వాత్తర్వాత నీడ కూడా లేదు. పీడ విరగడైందనుకున్నాడు.

కూతురు ఇప్పుడు లోతు వైపు కూడా వెళ్తానంటోంది. చేపపిల్ల పక్కనుంటేనే సుమా అని షరతు. ఇంతలో చేపపిల్ల రావడం మానేసింది. చివరి బ్లాకులో ఎవరో పెద్దావిడ నిద్రలోనే పోయిందని తెలిసింది. ఆ అమ్మాయి అమ్మమ్మో నానమ్మో అయి ఉంటుందనుకున్నాడు. వెళ్ళి పలకరించాలనుకుంటూనే రోజులు గడిపేశాడు. పిల్ల మళ్ళీ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

ఒక ఆదివారం చేపపిల్ల వచ్చింది. గేటు దాటకుండా, కార్డు తీసి సెక్రటరీ చేతిలో పెట్టింది.

అమ్మమ్మ పోయినందుకు బాధపడ్డాడాయన. అయినా కార్డు ఇచ్చేయాల్సిన పనేముంది, లోపలికి రా, పాప నీ కోసమే కూర్చుంది అన్నాడు. మొదటి మెట్టు మీద పిల్ల పాదాలు తడవకుండా ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఆవిడ మా అమ్మమ్మ కాదు సార్. ఆ ఇంట్లో ఆవిడొక్కరే ఉండేవారు. మాది వెనక వీధి."

ఆయన చేతిలోని కార్డు తిప్పి చూశాడు. రమ్మనడానికి తను పెట్టిన నియమం ఒప్పుకోదు. పొమ్మనడానికి నోరు రావడం లేదు.

"మరి ఈ కార్డు..." అని మాత్రం అనగలిగాడు.

చేపపిల్ల ఆకుపచ్చ గుడ్డ వైపు చూసింది.

"అందరూ దిగే రోజుల్లో ఆవిడే నాకు ఈత నేర్పారు సార్. కార్డుకి ఒక్కరే దిగాలని మీరన్నాక, తన కార్డు నాకిచ్చి, ఆవిడ ఆ కంచె అవతల నిలబడేవారు."