సద్దు చెయ్యని బ్రేకు

"కీచుమనకూడదు. అంతేరా బామ్మర్దీ!" అంటూ లక్ష్మణసామి సైకిలును కొట్టు ముందు పడేసి, వేటకొడవలి తీసి పనిబల్ల మీద పెట్టాడు.

కోవిల్‌పట్టి స్టేషన్ రోడ్డులో అప్పాసామిది సైకిలు కొట్టు. వచ్చినవాడు సొంత అక్క బొమ్మక్క మొగుడు, పత్తి బేరగాడు. నోటికన్నా చెయ్యి ముందు లేచే రకం. ఆ ఇంట్లో బొమ్మక్క వీపు ఏ వారమూ మానింది లేదు. అప్పాసామి కళ్లు కొడవలి మీదే ఉన్నాయి. అడక్కుండానే చెప్పాడు ఆ మహానుభావుడు.

"మీ అక్క కాడికి ఎవడో వస్తుండాడంట. ఈ దరిద్రపు బ్రేకు వీది మొనలోనే కీచుమనేది, వాడు దొడ్డిదారిన పరుగెత్తేది! విరుదునగర్ సంతకి పోతుండా, రేపు గానీ రానని ఇంట్లో చెప్పి బయలుదేరినా. ఇబ్బుడు సద్దు లేకుండా పోయి వాకిట్లో దిగల్ల. ఇద్దరినీ ఒకే వేటుకి..."

"అక్క అట్లాంటిది కాదు బావా! ఎవడు చెప్పినాడు నీకు?"

చెంప చెళ్లుమంది.

"ఎవడు చెప్తే నీకేందిరా? బ్రేకు చూపించు."

అప్పాసామి కడ్డీలతో లాగే పాత రకం తీశాడు. "ఇది గట్టిది బావా. వానలో కూడా..." అని పొగుడుతూనే, కాలితో ఇంకో పెట్టెను గోనె కిందకి తొయ్యబోయాడు. లక్ష్మణసామి కళ్లు గద్ద కళ్లు. ఆ పెట్టె లాగి విప్పించాడు. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన కాంటిలీవర్ బ్రేకు. చక్రానికి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి, పైన తీగ. తీగ లాగితే రెండు చేతులూ రిమ్మును చెరో పక్కన పట్టుకుంటాయి. కడ్డీల గలగల అనేదే లేదు.

"ఇదే. వెయ్యి."

వేశాడు. కానీ తోడబుట్టినవాడు కదా, చేతులారా అక్కను చంపుకుంటాడా? రబ్బరు వెనక అంచు ముందుగా రిమ్ముకు తగిలేట్టు బిగించాడు. అట్లా బిగిస్తే ఎంత మంచి బ్రేకైనా అరవాల్సిందే. లక్ష్మణసామి ఎక్కి, కాస్త దూరం తొక్కి, పట్టాడు. కీచుమంది. అరుగు మీద పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది.

లక్ష్మణసామి తిరిగి వచ్చి బామ్మర్ది జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కు నుంచి రక్తం బొటబొటా కారింది.

"మళ్లీ బిగించు."

మళ్లీ బిగించాడు. మళ్లీ కీచు.

"కొత్త రబ్బరు బావా, కొంచెం అరగల్ల..."

"అరగల్లా?" లక్ష్మణసామి వాడి కుడిచెయ్యి పట్టుకుని వెనక చక్రం ఊచల్లోకి దూర్చి చక్రం తిప్పాడు. వేళ్లు పటపటమన్నాయి. అప్పాసామి పెట్టిన కేకకు ఎదుటి వేరుశనగ మిఠాయి కొట్టువాళ్లు బయటికొచ్చి, కొడవలి చూసి లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

"ఇంకో చెయ్యి ఉండాది. తిప్పేదా?"

అక్కడ లొంగిపోయాడు అప్పాసామి. ప్రాణం తీపి అంటారు గానీ, చేతిపనివాడికి వేళ్లు అంతకన్నా తీపి. మిగిలిన చేత్తోనే రబ్బరు ముందంచును వెంట్రుకవాసి రిమ్ము వైపు తిప్పి, తీగ సరిచేసి, మర బిగించాడు. లక్ష్మణసామి తొక్కి పట్టాడు. చక్రం ఉన్నచోటే నిలిచిపోయింది. ఈగ వాలినంత సద్దు కూడా లేదు.

"శబాష్‌రా! ఇది పని అంటే!" అని కొడవలి చంకలో పెట్టుకుని తన ఊరి వైపు ఎగిరిపోయాడు.

అప్పాసామి వెనకే పరుగెత్తాడు. నల్లరేగడి దారిలో సైకిలు ఎప్పుడో కనుమరుగైంది. ఎండ మాడు పగలగొడుతోంది, చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది. "థూ పాపిష్టోడా, వేళ్ల కోసం అక్కను అమ్ముకొంటివి కదరా!" అని తనను తానే తిట్టుకుంటూ, ఏడుస్తూ, పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

బొమ్మక్క ఇంటి ముందు జనం. లోపల శోకాలు. అప్పాసామి జనాన్ని తోసుకుని వెళ్లి చూస్తే, గడపకు అడ్డంగా బోర్లా పడి ఉన్నది బావ! తల చితికిపోయి ఉంది. కొడవలి చేతిలోనే ఉంది. పక్కన రోకలి. బొమ్మక్క గుండెలు బాదుకుంటోంది.

"రేపు గదా వచ్చేది, సంతకి పోయిన మనిసి! తలుపు తోసుకొని కొడవలి లోపలికొస్తే దొంగ అనుకొంటినే! ఆయన వస్తే వీదంతా కీచుమనేదే, నాయనో!"

"నిజమే. మాకూ ఏ సద్దూ వినపళ్లే," అంది ఎదురింటి చెల్లమ్మాళ్, కళ్లొత్తుకుంటూ.

ఊరి మునసబు తలాడించాడు. "దాని తప్పేమి ఉండాది? దొంగమాదిరి వస్తే దొంగకు పడే దెబ్బే పడేది."

అప్పాసామి అక్క పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేనే అక్కా! ఆ సద్దు తీసేసింది నేనే. నిన్ను నరకబోతుండాడని తెలిసీ తీసేసినా. నన్ను మన్నించకు అక్కా!"

బొమ్మక్క వాడి నలిగిన చేతిని కొంగులో చుట్టింది. జనానికి వినబడేట్టు పెద్దగా ఒక శోకం తీసి, తమ్ముడి చెవి దగ్గరికి వంగింది.

"ఏడవాకురా. వాడు, వీడు ఎవడూ లేడు. ఎవడో వస్తుండాడని, బ్రేకు కీచుమంటే పారిపోతుండాడని ఆయన చెవిన వేయించింది నేనే."