ఖాళీ చీటీ

“జొరం ఎట్టుకుని ఈ వానలో ఎక్కడికండీ?” అంది సూర్యావతి.

“ఓటెయ్యాలి,” అన్నాడు ధనరాజ్ గొడుగు అందుకుంటూ.

“ఎవులికి?”

“ఎవులికీ కాదు.”

ఊరి శివారు మింగళాడోన్ నుంచి యాంగోన్ నడిబొడ్డుకు బస్సులో చాలా దూరం. దారి పొడుగునా ఒళ్లు వణుకుతూనే ఉంది. మనసులో మాత్రం పండగ.

ధనరాజ్ ఫుట్‌బాల్ విలేకరి. ఊళ్లో ఆటల విలేకర్ల సంఘానికి ఒక హాలుంది. ఆ హాలు గోడమీద ఫొటో ఎక్కితే ఆటగాడి జన్మ ధన్యమైనట్టే. ఎవరి ఫొటో ఎక్కాలో ఏటేటా విలేకర్లే ఓటేసి తేలుస్తారు. నాలుగింట మూడొంతుల మంది మెచ్చాలి. పదేళ్లు చీటీలో పేరుండి కూడా గోడ ఎక్కకపోతే, ఆ పేరు ఇక ఎప్పటికీ చీటీలో ఉండదు.

గోల్‌కీపర్ ఆల్బర్ట్‌కు ఇది పదో ఏడు.

సేక్కాన్ రేవులో బస్తాలు మోసిన తెలుగువాళ్ల మనవడు. జుట్టు నెరిసేదాకా రేవు జట్టుకు గోల్ కాశాడు. అందరూ పేరుకు ముందు గౌరవంగా ‘ఊ’ చేర్చి ఊ ఆల్బర్ట్ అంటారు. ధనరాజ్ ఒక్కడే ‘వాడు’ అంటాడు.

అందుకు కారణం ఉంది.

ధనరాజ్ కొత్తగా విలేకరైన రోజుల్లో ఆల్బర్ట్ ఒక గోల్ వదిలేశాడు. ‘గోల్‌కీపర్ నిద్రపోయాడు’ అని రాశాడు ధనరాజ్. తర్వాతి ఆట మొదలుకాకముందే ఆల్బర్ట్ తన గ్లవ్స్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

“నువ్వు మెలకువగున్నావు గదా. రా, నిలబడు.”

గోల్‌లో నిలబెట్టి బంతి తన్నాడు. అది నేరుగా మొహానికి తగిలింది. కళ్లద్దాలు ముక్కలయ్యాయి. జనం విరగబడి నవ్వారు. ఆ జనంలో అప్పటికింకా పెళ్లికాని సూర్యావతి కూడా ఉంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే. ఆవిణ్ణి క్షమించి పెళ్లి చేసుకున్నాడు గానీ ఆల్బర్ట్‌ను మాత్రం క్షమించలేదు.

పాము పగ పన్నెండేళ్లంటారు. ధనరాజ్‌ను చూస్తే పాము కూడా సిగ్గుపడుతుంది.

ఈసారి ఆల్బర్ట్ ఒక్క ఓటు తేడాతోనైనా గెలుస్తాడని అందరూ అనుకుంటున్నారు. ధనరాజ్ ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటే గెలుస్తాడు కూడా. ఎందుకంటే రానివాళ్లు లెక్కలోకి రారు. వచ్చి ఖాళీ చీటీ వేస్తే మాత్రం అది లెక్కలోకి వస్తుంది. గోడకు తగినవాడు ఒక్కడూ లేడని చెప్పినట్టు. ఒక మనిషిని ముంచడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఇంకోటి లేదు.

హాల్లో పెట్టె పక్కన సంఘం పెద్ద గోపాలం కూర్చుని ఉన్నాడు.

“జొరంలో కూడా వచ్చినావా?” అన్నాడు మురిసిపోతూ.

“పాడెమీదున్నా లేచొచ్చీవోణ్ణి, బాబాయ్.”

ధనరాజ్ చీటీ తీసుకున్నాడు. ఆల్బర్ట్ పేరును ఒక్కసారి తనివితీరా చూసుకున్నాడు. గీత కూడా గీయకుండా మడిచి పెట్టెలో పడేశాడు. ఆ క్షణాన జ్వరం దిగిపోయినట్టే అనిపించింది.

సాయంత్రం లెక్కపెట్టారు. ఆల్బర్ట్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కొత్త లుంగీతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

గోపాలం గొంతు సవరించుకున్నాడు. “ఒక చీటీ కాళీగా వచ్చింది. ఊ ఆల్బర్ట్‌కి ఒక్క ఓటు తక్కువయ్యింది.”

అందరూ తలలు దించుకున్నారు. ధనరాజ్ మాత్రం తల తిప్పి ఆల్బర్ట్ మొహాన్ని చూశాడు. ఆ మొహం చూడాలనే ఇన్నేళ్లు బతికినట్టు చూశాడు.

ఆల్బర్ట్ లేచాడు. వెళ్లిపోతూ అతని దగ్గర ఆగాడు.

“తిన్నావేటి, కో దనరాజ్?”

ఈడువాణ్ణి మర్యాదగా పిలిచే ‘కో’తో సహా, ఈ ఊళ్లో ఎవరికెవరు ఎదురుపడ్డా అడిగే మాటే అది.

“తిన్నాను. కడుపు నిండిపోయింది.”

“జొరమట గదా. ఇంటికెల్లి పడుకో.”

ఆల్బర్ట్ లుంగీ కాస్త పైకి పట్టుకుని వానలోకి నడిచాడు. ఏడవలేదని ధనరాజ్‌కు కాస్త వెలితిగానే ఉంది. అయినా కసి తీరింది, అది చాలు.

అందరూ వెళ్లాక గోపాలం పెట్టె మూత పెడుతూ అడిగాడు.

“ఆ కాళీ చీటీ నీదే గదా?”

“నాదే. ఏటి, నేరమా?”

“నేరమేటి? నీ హక్కు.” గోపాలం పెట్టెకు తాళం వేశాడు. “నీ పేపరు మూసేసినప్పుడు, పేపరు లేనోడికి ఓటేటని నీ పేరు కొట్టేద్దామన్నాం. గుర్తుందా?”

“ఉంది. మళ్లీ మీరే ఉంచినారు గదా.”

“మేం ఉంచనేదు. ఆల్బర్టొచ్చి నా ముందర కూకున్నాడు. ‘దనరాజ్ ఇంటికాడ కూకుని రాసీవోడు కాదు. ఎంత వానొచ్చినా ఆట ఆకర్దాకా ఉంటాడు. నన్ను తిట్టినా చూసే తిడతాడు. అలాటోడు ఓటెయ్యని గోడ మీద నా బొమ్మ నాకొద్దు’ అన్నాడు. నిన్ను ఉంచుతామని మాటిచ్చినాకే లేచినాడు.”

ధనరాజ్‌కు జ్వరం ఒక్కసారిగా తిరగబెట్టినట్టయింది. గుమ్మం వైపు చూశాడు. వీధిలో వాన తప్ప ఎవరూ లేరు.

“ఇన్నాళ్లూ నాకొక్క ముక్క సెప్పనేదేటి, బాబాయ్?”

“నాను సెప్తానంటే ఆల్బర్టే ఒద్దన్నాడురా. ‘సెప్పకు గోపాలం, తెలిస్తే మొగమాటానికి నాకు ఓటేసేస్తాడు’ అన్నాడు.”