తాగిందెవరు?

"తాగిందెవరు?"

రామచంద్రమూర్తి మేష్టారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని గేటు దగ్గర నిలబడి అడిగారు.

తోటల్లో పని ముగించుకుని వచ్చిన మనుషులు వరసలో నిలబడి నేలచూపులు చూస్తున్నారు. సారా వాసన గుప్పుమంటోంది.

"చెప్పకపోతే అందరూ బయటే!"

"నేనేనండీ," అంటూ డేవిడ్ రాజు ముందుకొచ్చాడు.

"మళ్ళీ నువ్వేనా? సిగ్గులేదురా నీకు?"

"లేదండీ."

మిగిలినవాళ్ళు లోపలికి పోయారు. డేవిడ్ రాజు దుప్పటి భుజాన వేసుకుని గేటు బయట మామిడి చెట్టు కిందికి నడిచాడు.

ఆగిరిపల్లి రోడ్డు పక్కన ఉన్న ఆ మామిడికాయల షెడ్డు వీరరాఘవయ్యగారిది. తాగి తాగి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళు తలదాచుకోవడానికి ఆయన దాన్ని వదిలేశారు. తాగి వచ్చినా పొమ్మనేవారు కాదు. "ముందు పడుకోనివ్వండి, మానే సంగతి తర్వాత చూద్దాం," అనేవారు. ఆయన పోయాక ఆ బాధ్యత రిటైరైన హెడ్మాస్టరు రామచంద్రమూర్తిగారి మీద పడింది.

మేష్టారు చెడ్డవారేం కాదు. అందరికీ దుప్పట్లు కొనిపించారు. ఎవరికైనా జబ్బు చేస్తే రిక్షా ఎక్కించి నూజివీడు ఆసుపత్రికి పంపేవారు. కాకపోతే మడీ ఆచారం గల మనిషి. తాగినవాడి దగ్గరికెళ్ళి నోరు వాసన చూడటం ఆయన వల్ల కాదు. అందుకని బళ్ళో పద్ధతే ఇక్కడా పెట్టారు. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి, లేకపోతే క్లాసంతా ఎండలో నిలబడాలి. పిల్లల మీద పనిచేసిన మంత్రం పెద్దవాళ్ళ మీద పనిచేయదా?

పనిచేసింది. రోజూ ఒక్కడే ఒప్పుకునేవాడు.

"చూశావా ఇన్నమ్మా, అందరూ దారికొచ్చారు. వీడొక్కడే కుక్కతోక," అని కొత్తగా చేరిన వంటమనిషితో సంబరంగా చెప్పుకునేవారు.

కార్తీకంలో ముసురు పట్టింది. ఆ సాయంత్రం కూడా అదే ప్రశ్న, అదే జవాబు.

"ఇయ్యాలొక్కరోజు లోపల పడుకోనివ్వండి మేష్టారూ. దగ్గుతో అల్లాడిపోతన్నాడు," అంది ఇన్నమ్మ.

"ఇవాళ వీణ్ణి రానిస్తే రేపు అందరూ తాగొస్తారు. బాగుపడ్డవాళ్ళని చెడగొట్టమంటావా?"

డేవిడ్ రాజే ఆమెను ఆపాడు. "పోనీలే అక్కా. నువ్వెళ్ళి లోపలోళ్ళకి అన్నం పెట్టు."

తెల్లారేసరికి చెట్టు కింద అతని ఒళ్ళు చల్లబడిపోయింది.

మేష్టారికి బాధ కలిగింది, నిజంగానే కలిగింది. "చెబితే విన్నాడు కాదు. తాగుడు ఎవర్ని బతకనిచ్చింది?" అని కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వరస కట్టారు. మళ్ళీ వాసన గుప్పుమంది.

మేష్టారు బిత్తరపోయారు.

"తాగిందెవరు?"

వరసలో ఉన్న బసవపున్నారావు భోరుమన్నాడు.

"నేనండీ. నేనొక్కణ్ణే కాదండీ, రోజూ మాలో ఎవరో ఒకళ్ళం తాగొస్తానే ఉన్నాం. డేవిడ్ రాజే తన మీదేసుకునేవాడు."

"మరి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నారేం?"

"బయట పడుకోవాలంటే భయమేసిందండీ."

మేష్టారి చేతిలోని కండువా జారిపోయింది. "అయినా... వాడూ తాగేవాడేగా?" అన్నారు. అవునని ఎవరైనా అంటే బాగుండునని ఆయన ప్రాణం కొట్టుకుంది.

కబురు తెలిసి ముసునూరు నుంచి వచ్చిన వెంకాయమ్మ, వీరరాఘవయ్యగారి భార్య, అప్పుడే రిక్షా దిగి గేటు దగ్గరికొచ్చింది. ఆ మాట ఆమె చెవిన పడింది.

"డేవిడ్ రాజా? దివిసీమ ఉప్పెనలో పెళ్ళాం బిడ్డల్ని పోగొట్టుకుని ఇటొచ్చాడండీ. ఒళ్ళు తెలీకుండా తాగేవాడు. ఎలా వచ్చినా మావారు రోజూ గేటు తీసేవారు. చుక్క ముట్టడం మానేశాక కూడా, వీళ్ళనెవరు చూస్తారమ్మా అని ఇక్కడే ఉండిపోయాడు."

ఆమె చెట్టు కింద తడిసిన దుప్పటి వైపు చూసింది.

"ఈ షెడ్డులో తాగుడు మానేసిన మొదటి మనిషి అతనేనండీ, మేష్టారూ."