పేరు లేని తులిప్

“పేరు?” అని అడిగింది ఆఫ్కే, తలెత్తకుండానే.

“నాదా, పువ్వుదా?”

“పువ్వుదండీ. ఇది కొత్తరకం పూలకి పేర్లు పెట్టే బల్ల. ఇక్కడ మనుషుల పేర్లతో పనిలేదు.”

ముసలాయన నవ్వాడు. పొడుగాటి కోటు, చలికి కందిపోయిన ముక్కు, చంకలో పాత పేపరు పొట్లం. పొట్లం విప్పి, వెంట తెచ్చుకున్న గాజుకూజాలో తులిప్‌లు నిలబెట్టాడు. వెన్నరంగు రేకులు, అంచున ఇటుకరంగు చార.

“పేరింకా పెట్టలేదమ్మాయ్.”

“అయితే బల్లెక్కదు.”

ఆఫ్కే ఏ మాటైనా అలా కుండబద్దలు కొట్టినట్టే చెబుతుంది. ఫిబ్రవరిలో బయట కాలవలు గడ్డకట్టి ఉంటాయి. చర్చి హాల్లో మాత్రం, వెచ్చని కొట్టాల్లో ముందుగా పూయించిన పూలతో వసంతం వచ్చి కూర్చుంటుంది. ఊరంతా చలికి ముడుచుకుంటూ వచ్చి, హయసింత్ పూల కుండీల్లో ముక్కులు దూర్చి, పోతూ పోతూ ఇంటికో గుత్తి పట్టుకుపోతుంది.

ఆ ఏడు పూల పండగ పెత్తనం మొదటిసారి ఆఫ్కే చేతికొచ్చింది. ఏ చిన్న పొరపాటు జరిగినా వచ్చే చలికాలం దాకా కాఫీ తాగుతూ చెప్పుకునే ఊరు అది. మధ్యాహ్నం మేయరు భార్య వచ్చి కొత్త తులిప్‌ల మీద వైను చిలకరించి ఒక్కోదాని పేరూ చదువుతుంది. పేరు లేని కూజా ముందు ఆవిడ నోరు తెరుచుకుని నిలబడితే ఎవరి పరువు పోతుంది?

“పేరు పెట్టాలనే వచ్చాను,” అన్నాడు ముసలాయన. “ఈ ఊళ్ళో పుట్టిన ఒక బిడ్డ పేరు. అదేమిటో నాకు తెలీదు. వాళ్ళమ్మ కనిపిస్తే అడుగుదామని...”

“ఇది పూల పండగ తాతగారూ, పురుటాసుపత్రి కాదు.”

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

“వాళ్ళ వీధికెళ్ళాను. ఆ ఇళ్ళు పడగొట్టేశారట. పూలంటే ఊరంతా ఇక్కడికే వస్తుంది కదా అని...”

“మీ తోట ఎక్కడ?”

“ఇప్పుడు ఉత్తరాన, ఫ్రీస్లాండులో. మా చెల్లెలింటి వెనక. ఒకప్పుడు ఇక్కడే.”

“ఇంత వయసొచ్చేదాకా తులిప్‌లు పెంచి, మీదంటూ పేరు తెచ్చుకున్న పువ్వు ఒక్కటీ లేదా?”

“ఒకటుండేదమ్మా.”

“మరి మేమెవరమూ చూడలేదే?”

“చూసినవాళ్ళకంటే తిన్నవాళ్ళే ఎక్కువ.”

చాదస్తం ముదిరిందనుకుంది ఆఫ్కే. ముసలివాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

“సరే, మీ మాట ఎందుకు కాదనాలి? అదిగో, పొయ్యి పక్కన కిటికీ గట్టు ఖాళీగా ఉంది. అక్కడ పెట్టుకోండి.”

“పొయ్యి పక్కనా? ఆ వేడికి విచ్చుకుని రాలిపోతాయమ్మాయ్.”

“బయట మంచులో కంటే నయమే కదా!”

ఆయన కూజా గట్టు మీద పెట్టి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికొచ్చే నడివయసు ఆడవాళ్ళ ముఖాల్లోకి ఆశగా చూశాడు.

“ఈ వయసులో ఇదేం బుద్ధో!” అంది కాఫీ పోసే ఆవిడ, ఆఫ్కే చెవిలో.

మేయరు భార్య వచ్చింది. వైను చిలకరించింది, పేర్లు చదివింది, చప్పట్లు మోగాయి. ఎక్కడా ఒక్క తడబాటు లేదు. ఆఫ్కే సంతోషం పట్టలేకపోయింది. కిటికీ వైపు చూడడం కూడా మరిచిపోయింది.

“లెయ్డెన్ బస్సుకి వేళయింది,” అంటూ ముసలాయన ఆమె ముందుకొచ్చాడు. “మళ్ళీ ఇంత దూరం రాలేను, మోకాళ్ళు ఒప్పుకోవు. పూలు ఇక్కడే ఉండనీ. చలికాలంలో ఇంట్లో పువ్వుంటే మనిషికి ధైర్యం. ఇంతకీ నీ పేరేమిటమ్మా?”

“మనుషుల పేర్లతో పనిలేదన్నానా తాతగారూ!” అని నవ్వేసింది ఆఫ్కే.

ఆయనా నవ్వి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళిన కాసేపటికి, రొట్టెల దుకాణం మూసేసి ఆఫ్కే తల్లి వచ్చింది. వచ్చిన మనిషి కిటికీ దగ్గర ఆగిపోయింది. కూజాలో తులిప్‌లు వెల్లకిలా విచ్చుకుని ఉన్నాయి. సగం రేకులు గట్టు మీదే రాలి ఉన్నాయి.

“ఇవెవరు తెచ్చారే?”

“ఎవరో ముసలాయన. ఇప్పుడే బస్సుకెళ్ళాడు.”

తల్లి తలుపు దాకా పరుగెత్తింది. బస్సు వంతెన దాటిపోతోంది. తిరిగొచ్చి రాలిన రేకొకటి అరచేతిలో పెట్టుకుంది.

“లంబెర్ట్ గారి తులిప్ ఇది. యుద్ధానికి ముందు ప్రతి చలికాలం ఆయన కిటికీలో పూసేది. వీధంతా ఆగి చూసేవాళ్ళం. మళ్ళీ విత్తు నుంచి మొదలుపెట్టినట్టున్నాడు. దానికి సగం జీవితం పడుతుందే!”

“మళ్ళీ ఎందుకు? ముందువి ఏమయ్యాయి?”

“తిన్నాం.”

ఆఫ్కే కాఫీ కప్పు గట్టు మీద పెట్టేసింది.

“యుద్ధం ఆఖరి చలికాలం. రొట్టె లేదు, బంగాళాదుంప లేదు. ఆయన కొట్టం తలుపులు తీసి, తన తులిప్ దుంపలన్నీ వీధికి పంచేశాడు. లోపలి మొలక విషమని, అది తీసి ఎలా ఉడకబెట్టాలో ఇంటింటికీ తిరిగి చూపించాడు. నువ్వు నా కడుపులో ఉన్నావని మనకి ఓ బుట్ట ఎక్కువే ఇచ్చాడు. చివరికి ఆయనకి నాటుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు.”

“బదులుగా ఏమీ అడగలేదా?” అంది ఆఫ్కే, గట్టు మీది రేకులు ఏరుతూ.

“పుట్టాక బిడ్డకేం పేరు పెట్టావో చెప్పమ్మా, అదే చాలన్నాడు. నువ్వు పుట్టేలోపే ఊరొదిలి వెళ్ళిపోయాడే.”